బి షిఫ్ట్ ప్రేమకు కెమెరా పట్టినదాన్ని

మా అన్నయ్య షాలేమ్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు చెబితే గుర్తుపట్టరు, ‘బంటీ’ అంటే గుర్తుపడతారు. చేతిలో హెల్మెట్ పట్టుకుని సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, సమోసాను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఎదుటివాడికిచ్చి, చిన్నది కూడా వాడే లాక్కుంటే ఏమీ అనలేక నవ్వే కుర్రాడు. ఆ నవ్వును నలభై లక్షలమంది చూశారని యూట్యూబ్ లెక్క. వాళ్ళలో సగంమంది కింద పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. ఆ నవ్వు తీసింది నేనే. ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో ఫోను పట్టుకుని తీశాను. నా పేరు జెన్నీ. భిలాయిలో, సుపేలాలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే పని నాది. చెయ్యి వణకదు. నోరు మాత్రం ఎప్పుడు ఎవరిమీద పడుతుందో నాకే తెలియదు.

అన్నయ్య గురించి చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు. భిలాయి సెక్టర్ సెవెన్ క్వార్టర్లో పుట్టాడు, అక్కడే పెరిగాడు. మా నాన్న డేవిడ్‌రాజ్ బొబ్బిలి నుంచి చిన్న వయసులో వచ్చి, స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో ముప్ఫై ఆరేళ్ళు పొగ మింగి రిటైరయ్యాడు. కొడుకు కూడా పర్మనెంటు కావాలని ఆయన ఆశ. అన్నయ్య ఐటీఐ చేశాడు, పరీక్షలన్నీ రాశాడు, ప్రతిసారీ రెండు మూడు మార్కుల్లో పోయాడు. చివరికి ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టు పనివాడిగా, ప్లాంటులో చేరాడు. ఆరు నెలలకోసారి గేట్ పాస్ రెన్యూ చేయించుకోవాలి. నాన్న దృష్టిలో అది చేరడమే కాదు.

“నాను లోపలికెళ్ళినాను, ఈడు గేటు దాకా ఎళ్ళినాడు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, అన్నయ్య వాళ్ళకు టీ అందిస్తూ ఉండగానే.

అన్నయ్య ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికెళ్ళేవాడు. మా ఇంట్లో కోపమంతా నా వాటాకి వచ్చింది, ఓర్పంతా వాడి వాటాకి పోయింది. అమ్మ బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయో అమ్మకు తెలియదు, వాడికి తెలుసు. శనివారం సాయంత్రం నలుగురి బట్టలూ తనే ఇస్త్రీ చేసి వరసగా తగిలించేవాడు. మేము మాట్లాడేది తెలుగే గానీ చదివేది హిందీ. అయినా చర్చిలో తెలుగు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, అక్షరం వంక చూడకుండా అన్ని చరణాలూ పాడేవాడు. నాన్న పాడుతుంటే విని విని నేర్చుకున్నాడు. ఆ సంగతి నాన్నకు ఎవరూ చెప్పలేదు.

అన్నయ్య స్నేహితుడు జార్జిది భిలాయి పక్కనే చరోదా రైల్వే కాలనీ. వాళ్ళ నాన్న సర్వీసులో ఉండగా పోతే, ఆ ఉద్యోగం ఇతనికొచ్చింది. యార్డులో వ్యాగన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని. తల్లి షీబా ఆంటీ, తను, ఇద్దరే. మా తెలుగు సంఘానికే వచ్చేవాళ్ళు. అన్నయ్య ఎంత నెమ్మదో ఇతను అంత గోల. పాస్టరుగారి ప్రార్థన పొడుగైతే కళ్ళు మూసుకునే నవ్వించగలడు. నేను అతన్ని ‘జార్జి భయ్యా’ అనేదాన్ని. ఇక్కడ పుట్టినవాళ్ళం అన్న స్నేహితులందరినీ అలాగే అంటాం.

వాళ్ళ కాలనీలోనే ఉండే వెంకట్‌కి ఒక యూట్యూబ్ ఛానెల్ ఉండేది. చూసేవాళ్ళు మూడొందలమంది, అందులో సగం చుట్టాలు. ఒకరోజు వాడికొక కథ తట్టింది. గోలూ, బంటీ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడిది ప్లాంటులో పొద్దుటి ‘ఎ’ షిఫ్ట్, ఇంకొకడిది మధ్యాహ్నం ‘బి’ షిఫ్ట్. ఒకళ్ళంటే ఒకళ్ళకు ప్రాణం. కానీ మధ్యాహ్నం రెండింటికి ఒకడు గేట్లోంచి బయటికొస్తుంటే ఇంకొకడు లోపలికెళ్తుంటాడు. ఉన్నది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే సమోసా తినాలి, అలగాలి, బతిమాలుకోవాలి. విలన్ లేడు, ఏడుపు లేదు, నీతి లేదు. పేరు ‘బి షిఫ్ట్ వాలా ప్యార్’. మాటలు హిందీ, మధ్యమధ్య ఛత్తీస్‌గఢీ. గోలూగా జార్జి, బంటీగా అన్నయ్య.

ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఫోను పైకెత్తనివ్వరు. అందుకని చరోదాలో మూతపడ్డ ఒక గోడౌను తలుపుకి రంగేసి ‘గేట్ నంబర్ 9’ అని రాశాం. ఫోను పట్టుకుంటే వెంకట్ చెయ్యి ఊగిపోయేది. ఆ పని నాకొచ్చింది.

మూడో ఎపిసోడ్‌కి ఊరంతా పాకిపోయింది. చర్చిలో గొడవవుతుందని నేను కత్తులు నూరుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. పాస్టరుగారి పిల్లలే డైలాగులు అప్పజెప్పారు. సంఘ సెక్రటరీ మనోహర్ అంకుల్, నవ్వడానికి కూడా కమిటీ తీర్మానం కావాలనే మనిషి, అన్నయ్య వీపు తట్టి “బాగా నవ్వించినావురా” అన్నాడు. క్రిస్మస్‌కి స్కిట్ వేయమని యూత్‌వాళ్ళు వెంటపడ్డారు. ఆరాధన అయి బయటికొస్తుంటే ఆడవాళ్ళు ఆపి, “ఏటి షాలేమూ, మీ గోలూ ఇవాళ రాలేదేటి? దెబ్బలాట ఐపోనాదా?” అనేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. అన్నయ్యా నవ్వేవాడు, చెవులు ఎర్రబడేవి. తమాషాగా ఉన్నంతసేపు ఈ ఊరికి ఏదైనా ముద్దే. నిజమని తెలిస్తేనే ఊరికి దేవుడు గుర్తొస్తాడు.

ఇక నా సంగతి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకడి భుజం వెనక నిలబడి రెండోవాడి మొహం తీయాలి. వెంకట్ నేర్పాడు. అన్నయ్య భుజం వెనక నేను నిలబడేదాన్ని. ఎదురుగా జార్జి. అతను అన్నయ్య కళ్ళలోకి చూసే చూపు, భుజం మీదుగా తిన్నగా నా ఫోనులోకి వచ్చేది. ఎనిమిది నెలలు, పదకొండు ఎపిసోడ్లు, ఆ చూపు నా మీదే పడింది. ఇరవై నాలుగేళ్ళదాన్ని. అంతవరకూ నన్నెవరూ అలా చూడలేదు. ఆ చూపు ఎవరిదో, ఎవరికోసమో తెలిసి కూడా, అందులో పిసరంత నాకూ ఉందనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ పని నేను చేయలేదు.

తెలిసి కూడా అని ఎందుకన్నానంటే, చూశాను కాబట్టి. ఏడో ఎపిసోడ్‌లో నేను ‘కట్’ అన్నాను గానీ రికార్డింగ్ ఆపడం మరిచిపోయి, ఫోను అలాగే గోడకి ఆనించి మంచినీళ్ళకెళ్ళాను. ఇంటికొచ్చి చూస్తే నలభై సెకన్లు అదనంగా ఉన్నాయి. అందులో డైలాగు లేదు. జార్జి తల తీసుకెళ్ళి అన్నయ్య భుజం మీద పెట్టాడు. అన్నయ్య చేత్తో అతని జుట్టులో దుమ్ము దులిపాడు. ఇద్దరూ నవ్వడం లేదు. నేను ఆ ముక్కను అయిదుసార్లు చూశాను. పాత్రలోంచి ఇంకా బయటికి రాలేదు కాబోలు అని నాకు నేనే చెప్పుకున్నాను. మనకు కావలసిన మాట మనమే చెప్పుకుంటే ఎంత తొందరగా నమ్ముతామో!

ఆ నవంబరులో షీబా ఆంటీ స్వీట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“డేవిడ్‌రాజ్ అన్నయ్యా, నాను తిన్నగా మాటాడీస్తాను. మా వోడు ఎప్పుడు చూసినా మీ ఇంటికాడే. మీ వోడు మా ఇంటికాడే. రేపు ఎక్కడిదో పిల్ల కోడలుగా వస్తే ఈ సావాసం సాగనిస్తాదా? జెన్నీని మాకిచ్చీండి. ఇద్దరూ బావాబావమరుదులైపోతారు. బావమరిది బతకకోరతాడని ఊరికే అన్నారేటి?”

ఎవరికైనా ఇంతకంటే మంచి ఆలోచన వస్తుందా? మా వాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు మరీ కలిసి తిరిగితే పెద్దవాళ్ళకు ముందుగా తట్టేది ఇదే, ఒకడి చెల్లెలు ఎక్కడుందని. ఆ స్నేహం చూసి ముచ్చటపడి, నన్ను అడిగారు. అందులో కుట్ర లేదు, కల్మషం లేదు. నాన్న నోట ‘పర్మనెంట్’ అనే మాట మూడుసార్లు వచ్చింది. రైల్వే ఉద్యోగం, ఒక్కడే కొడుకు, తెలిసిన కుటుంబం. అమ్మ వంటింట్లోకి వచ్చి నా చెంప నిమిరి, వెంటనే వేలు చూపించింది.

“ఒలే, ఇకనించీ బయ్యా గియ్యా అన్నావంటే పళ్ళు రాలగొడతాను.”

నేను సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యాను. దాచడమెందుకు, అదే నిజం.

అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చాక నాన్నే చెప్పాడు. వాడు మొహం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి నన్నొక్కదాన్నే అడిగాడు.

“నీకిష్టమేటి?”

“ఇష్టమే.”

“సచ్చీ? నిజంగా?”

“సచ్చీ.”

“అయితే బస్, చాలు” అన్నాడు. అన్నం తినకుండా బండి తీసుకుని చరోదా వెళ్ళిపోయాడు. స్నేహితుడికి శుభవార్త చెప్పడానికి పరిగెత్తాడని అమ్మ మురిసిపోయింది.

మా సంఘంలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. సెక్రటరీ ముందుకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఫలానా చిరంజీవికీ ఫలానా కుమారికీ వివాహము నిశ్చయమైనది, ఎవరికైనను అభ్యంతరమున్న యెడల సంఘమునకు తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన, అంటాడు. తరవాతి వారం రెండవది. ఆ పై వారం మూడవది, ఆఖరిది. నేను పుట్టాక ఎవరూ అభ్యంతరం చెప్పగా చూడలేదు. అది చదివేటప్పుడు పిల్లలు చెప్పులు వెతుక్కుంటారు, ఆడవాళ్ళు పక్కవాళ్ళ చీరలు చూసుకుంటారు.

మొదటి ఆదివారం మా పేర్లు చదివినప్పుడు అన్నయ్య నేల వంక చూస్తూ కూర్చున్నాడు. రెండో ఆదివారం కూడా అంతే. ఆ మధ్యాహ్నం అమ్మా నాన్నా శుభలేఖలు ఇవ్వడానికి వెళ్ళారు. వాడు నా చుడీదార్ ఇస్త్రీ చేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“జెన్నీ, ఈ పెళ్ళి వద్దు.”

“ఎందుకట?”

“జార్జి నిన్ను చూసి ఒప్పుకోలేదు. నన్ను చూసి ఒప్పుకున్నాడు.”

నాకు అర్థమైంది. అయినా అర్థం కానట్టు నిలబడ్డాను. వాడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు తిరిగాడు.

“వీడియోల్లో ఉన్నది ఏక్టింగ్ కాదు. ముందు ఏక్టింగే. తరవాత కాదు. నువ్వే కదా తీసినావు, నీకు తెల్దేటి?”

ఆ ఒక్క ప్రశ్నకు నా ఒళ్ళు మండిపోయింది. “మరి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు?” అన్నాను.

“మీ ఇంటి అల్లుణ్ణయిపోతే రోజూ వస్తాను, పండక్కొస్తాను, ఎవడూ ఏటీ అనడు, లైఫ్ సెట్ యార్, అన్నాడు. నాను వద్దన్నాను. ఆడు ఏడిచినాడు. నాకు నోరు రాలేదు.” చుడీదార్ చెయ్యి సాపు చేస్తూ మళ్ళీ అన్నాడు. “అబద్దం చెప్పను జెన్నీ. నాకు ఆడు కావాల. అందుకే రెండు వారాలు నోరు మూసుకున్నాను. మన ఇంట్లో తిరుగుతాడు, నా కళ్ళముందే ఉంటాడు, చాలు కదా అనుకున్నాను. కాని ఆడు నిన్ను బాగానే చూసుకుంటాడు గాని, నీకేసి అలగ ఎప్పుడూ చూడడు. నీకది చాలుద్దా?”

ఇంకొకరైతే ఏడ్చి అన్నను పట్టుకునేవాళ్ళేమో. నేను నా నోటికి పని చెప్పాను.

“నీకెలాగూ పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. నాకు పర్మనెంట్ మొగుడొస్తుంటే చూడలేకపోతున్నావు. ఈ పెళ్ళి చెడగొట్టావంటే నువ్వు నాకు అన్నవే కాదు.”

నాన్న ఇన్నేళ్ళుగా గుచ్చిన చోటే గుచ్చాను. రక్తనాళం ఎక్కడుందో తెలిసినదాన్ని కదా. వాడు చుడీదార్ మడతపెట్టి నా చేతికిచ్చి, ప్లగ్గు తీసేసి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా జార్జిని బతిమాలాడట, నువ్వే ఏదో వంక చెప్పి తప్పుకో అని. అతను పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని చెప్పి పంపేశాడు.

మూడో ఆదివారం మనోహర్ అంకుల్ “ఇది మూడవది, ఆఖరి ప్రకటన” అని కాగితం మడిచాడు. అన్నయ్య లేచి నిలబడ్డాడు.

“నాకుంది అంకుల్. అభ్యంతరం.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో “అరే బంటీ!” అన్నారు. క్షణంలో సగం చర్చి నవ్వింది. షాలేమ్ తమాషా చేస్తున్నాడు, పెళ్ళికొడుకు గోలూ కదా, బంటీకి అభ్యంతరం ఉండదూ మరి! నవ్వు తగ్గేదాకా వాడు అలాగే నిలబడ్డాడు. రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకున్నాడు. నవ్వు ఆగాక మళ్ళీ అన్నాడు.

“తమాషా కాదు. అందరి ముందూ అడిగినారు కాబట్టి చెప్తున్నాను.”

పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన చేసి, మా రెండు కుటుంబాలనూ వెనక గదిలోకి పిలిచారు. ఆయన, మనోహర్ అంకుల్, ఇద్దరు పెద్దలు ఒకవైపు. మేమొకవైపు. తలుపు మూశారు. అన్నయ్య వంకరటింకర లేకుండా చెప్పాడు.

“ఇతన్ని నాను ప్రేమించినాను అయ్యగారూ. ఇతను నన్ను ప్రేమించినాడు. ఇందులో మా చెల్లిని పెడితే దానికి అన్యాయం జరుగుద్ది. నన్నేటన్నా చేసుకోండి, పెళ్ళి ఆపీండి.”

అమ్మ రెండు చెవులూ మూసుకుంది. పాస్టరుగారు జార్జి వైపు తిరిగారు. షీబా ఆంటీ అప్పటికే కొడుకు వంక చూస్తోంది. ఆ చూపులో బెదిరింపు లేదు, భయముంది. ఉన్న ఒక్కడూ చేజారిపోతాడేమోనన్న భయం. జార్జి తల్లి మొహం చూశాడు, తల దించుకున్నాడు.

“ఏక్టింగే అయ్యగారూ. షాలేమ్ కొంచెం… సీరియస్‌గా తీసుకున్నాడు.”

అన్నయ్య మొహంలో రంగు పోయింది. అరవలేదు. “జెన్నీని అడగండి” అన్నాడు. “కెమెరా వెనక అదే ఉంది. అది చెప్తే నమ్ముతారు కదా.”

అందరూ నా వైపు తిరిగారు. నేనేమంటే అదే ఖాయమని ఆ గదిలో అందరికీ తెలుసు. ఫోను నా పర్సులోనే ఉంది. ఆ నలభై సెకన్లు అందులోనే ఉన్నాయి. నేను ‘చూశాను’ అంటే చాలు. కానీ అలా అంటే ఎనిమిది నెలలు నా మీద పడిందనుకున్న చూపు నాది కాదని, నలుగురు ముసలివాళ్ళ ముందు నా నోటితోనే ఒప్పుకోవాలి. అన్నగారికి రాసిపెట్టినవాణ్ణి తనకనుకుని మురిసిపోయిన పిచ్చిదాన్నని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ కోపమొచ్చింది, వాడి మీద. నన్ను కాపాడుతున్నందుకు.

“ఏటీ లేదయ్యగారూ” అన్నాను. “అంతా ఏక్టింగే. నేనే తీశాను కదా.”

గొంతు కూడా వణకలేదు.

మనోహర్ అంకుల్ మినిట్స్ పుస్తకం తెరిచి, అభ్యంతరము నిరాధారమని తేలినది, అని రాశాడు. అందరూ సంతకాలు చేశారు. ఆఖరిది నాది. ఆ గదిలో నిజం చెప్పినవాడు ఒక్కడే. వాడు అబద్ధమాడాడని రాసిన కాగితం కింద నా పేరుంది. ఇప్పటికీ ఉంది.

బయట మెట్ల దగ్గర నాన్న అన్నయ్యతో రెండే మాటలన్నాడు, “ఇంటికి రాకు” అని. చర్చి ముందు జనం ఇంకా పోలేదు. అందరూ చూస్తున్నారు, ఎవరూ నవ్వడం లేదు. అన్నయ్య స్కూటర్ల దగ్గర నిలబడ్డ నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

“అమ్మ బీపీ గోళీలు మంగళవారానికి ఐపోతాయి. మరిచిపోకు” అన్నాడు.

అంతే. ఆ వారంలోనే ఠేకేదారుకు గేట్ పాస్ తిరిగి ఇచ్చేసి రాయ్‌గఢ్ వెళ్ళిపోయాడని వెంకట్ చెప్పాడు. అక్కడ ఏదో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పని దొరికిందట. నా పెళ్ళి అనుకున్న రోజుకే అయింది. అన్న నిలబడవలసిన చోట పెదనాన్న కొడుకుని బొబ్బిలి నుంచి పిలిపించి నిలబెట్టారు.

రెండేళ్ళవుతోంది. చరోదా వదిలి భిలాయిలోనే స్మృతి నగర్‌లో చిన్న ఇల్లు, షీబా అత్తయ్య, మేమిద్దరం. జార్జి మంచివాడు. నేను డ్యూటీ నుంచి అలిసివస్తే టీ పెడతాడు. గొంతు హెచ్చించడు. ఇంట్లో జోకు మాత్రం ఒక్కటీ వేయడు. ఒకే బోగీలో ఎదురెదురు సీట్లు దొరికిన ప్రయాణికుల్లా ఉంటాం, జరగమంటే జరుగుతాం, నీళ్ళు అడిగితే ఇస్తాం. అతను నా మొహంలోకి చూసి మాట్లాడతాడు, మర్యాదగా చూస్తాడు. మర్యాద అంటే ఇప్పుడు నాకు అసహ్యం. రోజూ రావచ్చని ఏ ఇంటికి అల్లుడయ్యాడో ఆ ఇంటికి పండక్కి కూడా వెళ్ళడానికి ఇష్టపడడు. అక్కడికెళ్తే ఉండవలసినవాడు ఉండడు.

వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. సెంటర్‌కి రక్తపరీక్షకొచ్చినవాళ్ళు చెయ్యి చాపి, “దీదీ, ఆప్ గోలూ భయ్యా కీ వైఫ్ హో నా? సెకండ్ సీజన్ కబ్ ఆయేగా?” అంటారు, గోలూ భార్యవి నువ్వే కదా, రెండో సీజన్ ఎప్పుడొస్తుంది అని. పిడికిలి బిగించమంటాను. కొంచెం గట్టిగానే గుచ్చుతాను. పోయిన క్రిస్మస్‌కి సంఘం యూత్‌వాళ్ళు ఇంటికొచ్చి, షాలేమ్ బదులు వేరే అబ్బాయిని పెట్టి ఆ కథనే స్కిట్‌గా వేద్దామని అడిగారు. పాపం, వాళ్ళకు అందులో తప్పేమీ కనిపించలేదు. జార్జి లేచి లోపలికెళ్ళిపోతే, రైల్వే డ్యూటీలు కష్టం అని నేనే చెప్పి పంపాను. అబద్ధాలు చెప్పడంలో ఇప్పుడు నాకు మంచి చెయ్యి.

మొన్న ఆదివారం అత్తయ్య నందిని అనే ఊళ్ళో బంధువులింటికి వెళ్ళింది. మేమిద్దరమే భోజనానికి కూర్చున్నాం. ఎందుకడిగానో తెలియదు, రెండేళ్ళుగా నాలుకమీదే ఉన్న మాట పప్పన్నం మధ్యలో జారిపోయింది.

“ఆ రోజు మీరెందుకు ఒప్పుకోలేదు?”

ఏ రోజని అతను అడగలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“అమ్మ ఎదురుగా ఉంది. నాకు నోరు రాలేదు.” నీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు. “నువ్వు చెప్తావనుకున్నాను.”

“నేనా?”

“నువ్వు ఎవరికీ బెదరవు కదా జెన్నీ. నువ్వు తీసినావు, నువ్వు చూసినావు. షాలేమ్ నీ పేరు ఎత్తగానే ఒక బరువు దిగిపోయినాది నాకు. నువ్వు ‘చూశాను’ అంటావు, అప్పుడు నాను కూడా ‘అవును’ అనీవచ్చు అని… బెంచీ అంచున కూర్చున్నాను, లేవడానికి. నువ్వు ‘ఏటీ లేదు’ అన్నావు.”

అతను కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నేను ఆ ఒక్క ముక్క అని ఉంటే ముగ్గురం బయటపడేవాళ్ళం. ఊరు ఉమ్మేసేది, నాన్న కొట్టేవాడు, పెళ్ళి ఆగేది. అంతే కదా! అంతకంటే ఇంకేం పోయేది?

అన్నయ్య నంబరు అమ్మ దగ్గరుంది, నాన్నకు తెలియకుండా. అమ్మకు ఫోను చేసి తీసుకున్నాను. మూడుసార్లు మోగాక ఎత్తాడు. వెనక ఏవో మెషీన్ల హోరు. నా గొంతు విని పోల్చుకోవడానికి వాడికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“జెన్నీ! ఏటైంది? అమ్మ బాగుందా?”

“బాగుంది.” ఇంకేం చెప్పాలో ఆలోచించుకోలేదు. “అన్నయ్యా, నేను చూశాను. ఆ రోజు అబద్ధం చెప్పాను. నేను చూశాను.”

అవతల హోరు కాస్త తగ్గింది, వాడు పక్కకి నడిచినట్టున్నాడు. అప్పుడు వాడి మాట వినిపించింది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండునని వెతికాను.

“ఇప్పుడెవరికి చెప్తావు జెన్నీ? మూడు ఆదివారాలూ అయిపోనాయి కదా.”

డ్యూటీ టైమైందని, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. ఇంకా చేయలేదు.